పది లెక్కపెట్టే లోపు

మధ్యాహ్నం రెండు కొట్టగానే పిల్లల వార్డులో తెరలు దించేస్తారు, దీపాలు తీసేస్తారు, మంచానికొక మనిషిని ఉంచి మిగతా బంధుజనాన్నంతా మెట్ల దగ్గరికి తోలేస్తారు, ఇక మూడింటి దాకా చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. మూల మంచంలో ఎవరి పసిపాపో సన్నగా గురక పెడుతోంది, ఎక్కడో కుళాయి కారుతోంది, గోడగడియారం ముల్లు ఒక్కో గీత దగ్గరా ఆగి ఆలోచించుకుని మరీ కదులుతోంది, ఇవన్నీ వినిపిస్తున్నాయి గానీ పిల్ల ఊపిరి మాత్రం వినిపించడం లేదు. తల్లి ఇనుప కుర్చీ అంచున కూర్చుని చెవులు రిక్కించి వింటూనే ఉంది. ఉదయం తొమ్మిదింటికి గొంతు డాక్టరు పిల్ల మెడలోంచి గొట్టం తీసేశాడు. మూడేళ్ళు ఉన్న గొట్టాన్ని చొక్కా గుండీ విప్పినంత తేలిగ్గా తీసి, పిల్ల ఒక్క దగ్గు దగ్గితే ఆ చిల్లు మీద దూది పెట్టి ప్లాస్టరు అంటించి, "ఇకనుంచి ముక్కుతోనే పని" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆయనకేం, నవ్వుతాడు. పిల్ల పాలు తాగి, బొమ్మ కుందేలు చెవి పట్టుకుని నిద్రపోయింది. నిద్రపోయినట్టే ఉంది. దుప్పటి కదులుతున్నట్టే ఉంది, కానీ పంకా గాలికి అన్ని మంచాల దుప్పట్లూ కదులుతున్నాయి, దుప్పటిని నమ్మి బతికే మనిషి కాదు ఆమె, మూడేళ్ళుగా చెవిని నమ్మి బతికింది.

ఆ గొట్టానికో ఈల ఉండేది. లోపలికి పీల్చేటప్పుడు స్స్ అని, వదిలేటప్పుడు కాస్త గరగర, గరగర ఎక్కువైతే కఫం అడ్డుపడినట్టు, వెంటనే కఫం తీసే మిషను పెట్టి లాగెయ్యాలి, ఈల ఆగిందంటే ఇక ఆలోచన లేదు, పరుగే. దిన గండం నూరేళ్ళాయుష్షు అంటారే, వీళ్ళింట్లో గండం దినానికొకటి కాదు, గంటకొకటి. ఆమె బట్టలు కుట్టే మనిషి, ఇంట్లోనే కిటికీ పక్కన కుట్టు మిషను, మిషను పక్కన పిల్ల మంచం. మిషను తొక్కితే ఈల వినిపించదు, తొక్కకపోతే పని నడవదు, అందుకని పది కుట్లకోసారి కాలు ఆపి వినడం, మళ్ళీ తొక్కడం అలవాటు చేసుకుంది. ఆమె కుట్టిన జాకెట్లు, గౌన్లు, దిండు గలీబులు ఏవి తీసి చూసినా, చూడటం తెలిసినవాళ్ళకి, జానెడుకోసారి కుట్టు ఒకచోట ఒత్తుగా పడి కనిపిస్తుంది. అక్కడల్లా ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఎందరి ఒంటి మీదో ఆ ఆగుళ్ళు తిరుగుతున్నాయి, వాళ్ళకి తెలియదు. ఇప్పుడేమో చప్పుడు లేకపోవడమే ఆరోగ్యం అంటున్నారు, మూడేళ్ళు నేర్పిన పాఠాన్ని మూడు మాటల్లో చెరిపెయ్యమంటున్నారు, చెవి చెరుపుకోదు, చెవి దాని పాటికది వెతుకుతోంది, కుళాయి చప్పుడులో వెతుకుతోంది, తలుపు సందులో గాలిలో వెతుకుతోంది, ఇందాక పక్కనుంచి వెళ్తూ సిస్టరు చీర సర్దుకుంటే ఆ చీర రాపిడిలో కూడా ఈల వినిపించి లేచి నిలబడింది.

మొదట ఇద్దరు. ఆ మాట ఎవరితోనూ అనదు, అడిగితే ఒక్కతే అంటుంది, కానీ మొదట ఇద్దరు. ఏడో నెలలోనే వచ్చేశారు, తొందరపాటు మనుషులు, ఇద్దరూ కలిపి ఒక పిల్ల బరువు లేరు. ముందు వచ్చింది ఏడ్చింది. ఆ గదిలో కత్తెరల చప్పుడు, చెప్పుల చప్పుడు, ఎవరో ఎవరినో కేకేయడం, వాటన్నిటి మీదుగా ఒకే ఒక్క ఏడుపు, సన్నగా, సాగదీసి, చివర్లో కాస్త పైకి లేపి, ఎవరినో పేరు పెట్టి పిలిచి జవాబు కోసం ఆగినట్టు. వెనక వచ్చింది ఏడవలేదు, నీలంగా ఉందని నోట్లోంచి గొట్టం వేసి ఎత్తుకుని పరుగెత్తారు. రెండో రోజు తెల్లారేసరికి ఏడ్చింది పోయింది, ఏడవనిది మిగిలింది. "దీన్ని నిలబెట్టుకుందాం, దాన్ని తలుచుకోకు," అన్నారు అత్తగారు, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే. తలుచుకోలేదు. తలుచుకోవడానికి మొహం కూడా సరిగ్గా చూడలేదు, మిగిలిందల్లా ఆ ఏడుపు, అది తలుచుకోనక్కర్లేదు, అదే వస్తుంది.

మిగిలినదాని గొంతులో నోట్లోంచి వేసిన ఆ గొట్టం రెండు నెలలుంది, అదే ఊపిరి పోసింది, అదే రాసుకుని రాసుకుని పుండు చేసింది, పుండు మానినచోట కండ ముడుచుకుని దారి మూసుకుపోయింది. పెన్నులో రీఫిలు కూడా పట్టదు అన్నాడు డాక్టరు, కాగితం మీద బొమ్మ గీసి. పైన ముక్కు ఉంది, నోరు ఉంది, కింద ఊపిరితిత్తులు ఉన్నాయి, మధ్యలో సందు మూసుకుంది, కాబట్టి ఆ సందుకి కిందగా మెడ మీద చిల్లు పెట్టి గొట్టం పెడతాం, గాలి అటునుంచే వచ్చి అటునుంచే పోతుంది, మాట పలికే చోటికి గాలి వెళ్ళదు, కాబట్టి మాట ఉండదు, పెద్దయ్యాక దారి వెడల్పు చేద్దాం. అలా పిల్ల ముక్కు అలంకారానికి మిగిలింది. లోకమంతా బతికుందా లేదా చూడాలంటే ముక్కు దగ్గర వేలు పెడుతుంది, ఆమె మాత్రం మెడ దగ్గర అరచెయ్యి పెట్టేది. నెల రోజులు ఆస్పత్రిలో రబ్బరు బొమ్మ మీద నేర్పారు, గొట్టం ఊడిపోతే ఇంకోటి ఎలా పెట్టాలో, పది లెక్కపెట్టే లోపు లోపలికి వెళ్ళిపోవాలి, పైకి లెక్కపెట్టండి, పైకి లెక్కపెడితే చెయ్యి వణకదు. వారానికోసారి గొట్టం మార్చేటప్పుడు కూడా అలాగే పైకి లెక్కపెట్టేది, ఒకటి, రెండు, మూడు, పిల్లకి అదొక ఆటైపోయింది, తల వెనక్కి వాల్చి తల్లి మొహంలోకే చూస్తూ పెదాలతో తనూ లెక్కపెట్టేది, పది అనగానే మెడ చాచేది, పట్టీ కట్టించుకోవడానికి. ఆ పట్టీలు కూడా ఆమే కుట్టింది, మెత్తటి గుడ్డతో, పూలవి, చుక్కలవి, ఒకటి గళ్ళది వాళ్ళ నాన్న పాత చొక్కాలోంచి.

అత్తగారు దానికి పిట్ట అని పేరు పెట్టారు, కూయని పిట్ట, ఆవిడ హాస్యం అలాగే ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని పొరపాటున ఎవరైనా జాలిపడితే పిట్ట వాళ్ళ జుట్టు పట్టుకుని లాగేది, నాలుక బోలెడుంది, చప్పుడే లేదు. పెదాలు కదిపితే తల్లి పలికేది. "అమ్మా, కుందేలేదీ?" అని సన్నటి గొంతుతో తనే అడిగి, "మంచం కింద చూడు," అని తన గొంతుతో తనే చెప్పేది. మొదట్లో ఆటకి. తర్వాత ఆ సన్నటి గొంతు ఎక్కడిదో ఆమెకి తెలిసింది, కుందేలేదీ అనే చోట చివర్లో పైకి లేస్తుంది చూడండి, అది ఆమె కల్పించింది కాదు, ఆ గదిలో విన్నది, ఒక్కసారే విన్నది. తెలిశాక ఆపాలనుకుంది, ఆపలేదు, ఒకళ్ళకి గొంతు లేదు, ఇంకొకళ్ళకి ఒళ్ళు లేదు, పంచుకుంటే తప్పేమిటి అనిపించింది. "ఆ గొంతు తియ్యకే, నాకేదోలా ఉంటుంది," అన్నాడు ఒకసారి భర్త, బస్సు నడిపి వచ్చి అన్నం ముందు కూర్చున్నవాడు కంచంలోంచి తల ఎత్తకుండానే. అప్పటినుంచి ఆయన లేనప్పుడే పలికేది. కింది వాటాలో కొత్తగా దిగినావిడ మెట్ల మీద ఆపి అడిగింది, "ఎప్పుడూ చిన్నదాన్నే ఎత్తుకొస్తారేమండీ, పెద్దదాన్ని బయటికి పంపరా? ఎంత ముద్దుగా మాట్లాడుతుందో, మా ఇంట్లోకి వినిపిస్తూనే ఉంటుంది." తల్లి నవ్వేసి పిల్లని రెండో చంకకి మార్చుకుంది. "నిన్న మీరు చిన్నదాన్నెత్తుకుని బజారుకెళ్ళారా, పాపం ఒక్కతే పాడుకుంటూ కూర్చుంది," అంది ఆవిడ. నిన్న కాదేమో, మొన్నేమో, మొన్న తనూ పిల్లా ఇంట్లోనే ఉన్నారు కదా, ఆవిడే రోజు మర్చిపోయి ఉంటుంది. తల్లి ఆ సాయంత్రం తలుపు తాళం తీసి, గడపలోనే నిలబడి, నోరు గట్టిగా మూసుకుని చాలాసేపు వింది.

ఆపరేషన్ గురించి డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆమెకి భయం వెయ్యలేదు, ఎందుకంటే అర్థమైంది. దారిని నిలువుగా కోసి, పిల్ల పక్కటెముక చివర మెత్తటి ముక్క కాస్త తీసి, ఆ కోతలో పెట్టి కుడతాం, అప్పుడు దారి వెడల్పవుతుంది అన్నాడు. "చంక పట్టేసిన జాకెట్టుకి కుట్టు విప్పి మధ్యలో ముక్క వేసినట్టాండీ?" అని అడిగింది. ఆయన కలం పక్కన పెట్టి, "ఇన్నేళ్ళుగా ఇంత బాగా నేనెవరికీ చెప్పలేకపోయాను," అన్నాడు. "గుడ్డ ఎక్కడిది వేస్తారు?" "దాని గుడ్డే దానికి. వేరేవాళ్ళది అతకదు." వేరేవాళ్ళది అతకదు, ఆ మాట ఆమెని పట్టుకుంది, ఇంటికొచ్చినా వదల్లేదు. దారి తెరుచుకున్నాక గాలి పైకి వెళ్తుంది, మాట పలుకుతుంది, పలికేది ఎవరు? ఆ సన్నటి గొంతే వస్తే, చనిపోయినది తిరిగొచ్చి దీని గొంతులో కూర్చున్నట్టు. అది కాకుండా వేరేది వస్తే, ఇన్నాళ్ళూ ఇంట్లో మాట్లాడినది ఎక్కడికి పోవాలి? రెండు నెలల క్రితం ఆపరేషన్ అయింది, పిల్ల రొమ్ము కింద వేలెడు కుట్టు, చక్కటి కుట్టు, ఎక్కడా ఒత్తు పడలేదు, ఆయన ఎవరి ఊపిరీ వినడానికి ఆగలేదు కాబోలు. తర్వాత లోపలికి కెమెరా గొట్టం దించి చూశారు, అతికింది అన్నారు, నిన్నంతా మెడ గొట్టానికి మూత బిగించి చూశారు, పిల్ల ముక్కుతో పీల్చింది, దగ్గింది, తుమ్మి తన తుమ్ముకి తనే హడలిపోయింది, కానీ ఒక్క మాట పలకలేదు. పెదాలే కదిపింది, అలవాటు. "గొంతు ఉందని దానికి తెలియదమ్మా, తెలిశాక మీరే ఆపలేరు, కాస్త బొంగురుగా వస్తుంది, కంగారుపడకండి," అన్నాడు డాక్టరు.

పెద్ద సిస్టరు చెప్పిన మాట వేరు, ఆవిడ నవ్వదు. మంచం మీదికి వంగి, మెడ మీది ప్లాస్టరు చూపించి, "ఈ చిల్లు గంటగంటకీ మూసుకుంటూ ఉంటుంది. ఏమైనా అనిపిస్తే ఈ బటన్ నొక్కండి. మీరు మాత్రం ఇందులో ఏమీ పెట్టకండి. పెడితే లోపల అతికిన ముక్క ఊడుతుంది, మళ్ళీ మొదటికొస్తాం, మళ్ళీ ఎముక తియ్యాలంటే ఎక్కణ్ణుంచి తీస్తారు? మీ దగ్గరున్న గొట్టాలు ఇచ్చెయ్యండి, మా దగ్గరున్నాయి," అంది. ఆమె నడుముకి కట్టుకున్న సంచీ విప్పి ఒక గొట్టం ఇచ్చింది. ఆ సంచీలో ఎప్పుడూ రెండుంటాయి, సరిపోయేదొకటి, దొరకని వేళకి దానికంటే సన్నటిదొకటి, స్నానాలగదికి వెళ్ళినా సంచీ నడుముకే ఉంటుంది. సరిపోయేది ఇచ్చింది. సన్నటిది ఇవ్వలేదు. దొంగతనం కాదు, తనదే, అయినా దొంగలా కొంగు సర్దుకుంది.

రెండున్నరకి సిస్టర్లు డ్యూటీ మారతారు, అందరూ వార్డు చివర అద్దాల గదిలో చేరి తల వంచుకుని రాసుకుంటున్నారు, మాట వినిపించదు, పెదాలు కదలడం కనిపిస్తుంది, గదినిండా పిట్టలే. అప్పుడు వినిపించింది. స్స్. ఆమె పిల్ల వైపు చూసింది, పిల్ల పడుకునే ఉంది, కాలి బొటనవేలికి బిగించిన, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తీగ మంచం అంచు మీదుగా యంత్రానికి వెళ్తోంది, తెర మీద ఆకుపచ్చ అంకె నిలకడగా ఉంది. స్స్, మళ్ళీ కాస్త గరగర. ఎదుటి మంచంలోంచి. ఎదుటి మంచం నిన్న ఖాళీ అయింది, ఎవరూ లేరు, దుప్పటి నాలుగు మడతలు పెట్టి కాళ్ళవైపు ఉంచారు, చుట్టూ తెర సగం లాగి ఉంది. స్స్, గర, స్స్, గర, అదే వేగం, అదే చిన్న తడబాటు. గోడలోంచి వచ్చే ఆక్సిజన్ కాబోలు, సరిగ్గా కట్టలేదు కాబోలు, సిస్టరుకి చెప్పాలి అనుకుంటూనే లేచింది, అయిదడుగులే కదా, తెర పక్కకి జరిపింది. దిండు. దిండు మధ్యలో చిన్న పల్లం, ఉతికిన దిండే, అయినా పల్లం. ఆమె చెయ్యి అడక్కుండానే చాచుకుంది, దిండుకి కాస్త కిందగా, మెడ ఉండాల్సిన చోట, గాలిలో, అరచెయ్యి తెరిచి. చల్లగా తగిలింది. తగిలి ఆగింది. మళ్ళీ తగిలింది. వెళ్ళిపోతున్నావా అని అడగాలనిపించింది ఆమెకి, ఆ సన్నటి గొంతు తీసి తనే జవాబు చెప్పుకోవచ్చు, కానీ ఈసారి నోరు రాలేదు, చెప్పాల్సింది తను కాదనిపించింది. అప్పుడు ఈల ఆగిపోయింది. ఆగీ ఆగగానే వెనక యంత్రం కూత పెట్టింది.

తిరిగింది. యంత్రం తెర మీద అంకె లేదు, రెండు గీతలున్నాయి. అయిదడుగులు ఎలా దాటిందో తెలియదు, దాటేసరికే చెయ్యి పిల్ల మెడ మీద ఉంది, చేతికి తెలిసింది ఒక్కటే చోటు, అక్కడ గాలి లేదు. చల్లగా లేదు, వెచ్చగా లేదు, గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. అది వచ్చి దీన్ని తీసుకుపోయింది, నన్ను అయిదడుగులు పక్కకి పిలిచి తీసుకుపోయింది, బటన్ అనే మాట తలలో ఎక్కడా లేదు, మూడేళ్ళు నేర్చుకున్నదే ఉంది. "ఒకటి," అంది పైకి, ప్లాస్టరు అంచు గోటితో లేపింది. "రెండు," సంచీ ముడి విప్పకుండానే లోపల వేళ్ళు దూరాయి, సన్నటి గొట్టం చేతికొచ్చింది, ఇందుకే దాచాను, ఇందుకే. "మూడు," దూది పక్కకి పోయింది, చిల్లు ఇంత చిన్నదైపోయిందేమిటి, అప్పుడే ముడుచుకుపోతోంది, నొక్కాలి, నొక్కితే వెళ్తుంది, గొట్టం మొన ఆ చిల్లుకి ఆనింది.

"నాలుగు."

ఎవరన్నారు? చెయ్యి ఆగింది. ఆ గొంతు ఆమెది కాదు, ఆ సన్నటిదీ కాదు, బొంగురుగా, లోతుగా, ఏళ్ళ తరబడి తియ్యని గడియ తీసినట్టుంది, గదిలో మూడో మనిషెవరో ముసలివాడు మాట్లాడినట్టుంది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. తల వెనక్కి వాల్చి తల్లి మొహంలోకే చూస్తోంది, ఆట మధ్యలో ఎందుకు ఆపావన్నట్టు. కాసేపు చూసి, విసుగొచ్చి, "అయిదు," అంది. తన మాట తనకే వినిపించి, చుట్టూ చూసింది ఎవరా అని.

పెద్ద సిస్టరు అప్పటికే మంచం దగ్గరుంది. దుప్పటి ఎత్తింది, దాని కింద క్లిప్పు ఎర్రగా వెలుగుతూ పడి ఉంది. "కాలు విదిల్చింది, ఊడిపోయింది, అంతే," అంటూ తిరిగి వేలికి పెట్టబోయి, తల్లి చెయ్యి చూసింది, చేతిలో గొట్టం చూసింది, లేచిన ప్లాస్టరు చూసింది. ఆవిడ మొహం తెల్లబడింది. తిట్టలేదు. వంగి చిల్లు చుట్టూ చూసి, లోపలికి వెళ్ళలేదని నిర్ధారించుకుని, కొత్త దూది పెట్టి, కొత్త ప్లాస్టరు అంటించి, మెల్లగా చెయ్యి చాచి, "ఇటివ్వండమ్మా," అంది. తల్లి ఇచ్చేసింది. చెయ్యి ఖాళీ అయ్యాక వణకడం మొదలుపెట్టింది. లెక్క ఆపేసింది కాబట్టి వణికింది.

"ఆరు," అంది పిల్ల, ఇద్దరినీ పట్టించుకోకుండా. "ఎనిమిది."

ఏడు ఎగ్గొట్టింది. తల్లికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. మూడేళ్ళూ ఏడు ఎగ్గొడుతూనే ఉందన్నమాట, చప్పుడు లేని పెదాల మీద ఏడుందో లేదో ఎవరు చూశారు? తను వాటికి అంటించిన గొంతు మాత్రం ఏనాడూ తప్పులేకుండా చక్కగా పది దాకా చెప్పేది. ఆ గొంతు ఇప్పుడు ఏడు అని సరిదిద్దుతుందేమోనని ఆగింది, లోపల వెతికింది, ఎదుటి మంచం వైపు చెవి పెట్టింది, ఏమీ లేదు, దిండు దిండులాగే ఉంది. పుట్టినప్పటి ఆ ఏడుపు గుర్తు తెచ్చుకోబోయింది, సన్నగా, సాగదీసి, చివర్లో పైకి, అక్కడిదాకా వచ్చి అది కూడా బొంగురుగా ఎనిమిది అంది. పోయింది. మూడేళ్ళుగా ఏడవాల్సిన ఏడుపులన్నీ ఆమెకి ఒక్కసారిగా వచ్చాయి, కొంగు నోట్లో కుక్కుకుని ఆ పోయినదాని కోసం ఏడ్చింది, పిల్ల కుందేలు చెవి నములుతూ చూస్తూ ఉంది.

"తొమ్మిది," అంది పిల్ల, ఇక నీ వంతన్నట్టు.

"పది," అంది తల్లి.

పిల్ల మెడ చాచింది, పట్టీ కట్టించుకోవడానికి. కట్టడానికి ఏమీ లేదు. తల్లి కళ్ళు తుడుచుకుని, ఎక్కడ పెట్టాలో తెలియని చెయ్యిని కాసేపు అలాగే గాలిలో ఉంచి, తర్వాత లోకమంతా చేసినట్టే పిల్ల ముక్కు కింద వేలు పెట్టింది. వేలికి వెచ్చగా తగిలింది.